పదమూడో ఎలుక

వూహాన్
అక్టోబరు 12, 1981

పూజ్యులైన తాతయ్యకు,

చెడ్డ కబురు ముందే చెప్పేస్తాను. మీ కషాయం తాగించిన పది ఎలుకల్లో ఆరు చచ్చిపోయాయి.

కోపం తెచ్చుకోకముందు మొత్తం చదవండి. మా పరిశోధన సంగతి సెలవుల్లో మీకు సగమే చెప్పాను. మనుషుల్లో మీరు "నడుములో నిప్పు తగ్గింది" అంటారే, ఆ చలి, ఆ నిస్సత్తువ, ఆ వంగిన వీపు, అదే జబ్బును ఎలుకల్లో తెప్పించాలి. అందుకు రోజుకొక హార్మోను ఇంజెక్షను, పది రోజులు. ఆ తర్వాత మన ఇంటి కషాయంతో నయం చేసి చూపించాలి. నయమైతే మీరు అరవై ఏళ్ళుగా చేస్తున్న వైద్యం ఉత్తమాట కాదని అంకెల్లో తేలుతుంది. కషాయం నేనే ప్రతిపాదించాను. మన నాభి వేరు, మన దాల్చిన చెక్క, మీ పాళ్ళు. ఇంజెక్షనుతో పాటు మొదటి రోజు నుంచే పట్టించాను. కషాయం తాగని ఎలుకల్లో రెండే పోయాయి. తాగినవాటిలో ఆరు.

నా పక్క బల్ల కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "మీ తాత మందు అద్భుతం. ఎలుకల మందుగా అమ్మితే ఊళ్ళో ఒక్కటీ మిగలదు" అన్నాడు.

మా పరిశోధన నడిపించే షెన్ మాస్టారు నవ్వలేదు. "ఏప్రిల్ లోపల ఫలితం చూపించు. లేదంటే ఆ గది వేరేవాళ్ళకిస్తాను. నువ్వు లైబ్రరీలో పాత గ్రంథాలకు పట్టికలు రాసుకుందువుగాని" అన్నారు. పట్టికలకు నేను భయపడను. మన కషాయం తప్పని కాగితం మీద నా చేత్తో రాయాల్సి వస్తుందేమోనని భయం.

తాతయ్యా, పాళ్ళు ఎక్కడైనా తప్పు రాసుకున్నానా?

మీ సూయే

*

షీపాన్
అక్టోబరు 21

సూయేకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు.

ఎలుక నాడి ఏ చేతికి చూశావు? నాలుక చాపమంటే చాపిందా? నీ పేరు ఒక మూలిక పేరు. అది పెట్టినవాణ్ణి నేను. పెట్టేటప్పుడు ఈ పిల్ల పెద్దయి ఎలుకలకు కషాయం పోస్తుందని నాకెవరూ చెప్పలేదు.

పాళ్ళు సరిగ్గానే రాసుకున్నావు. వేళ తప్పావు.

ఆ ఇంజెక్షను చేసేదేమిటో ఆలోచించు. అది బయట నుంచి తెచ్చి పోసే అరువు నిప్పు. పోస్తున్నన్నాళ్ళూ ఒళ్ళు చల్లబడదు, మండుతుంది. మొదటి వారం నీ ఎలుకలు ఎగబడి తింటాయి, నిద్రపోవు, ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, చెవులు ఎర్రబడతాయి. అలా మండుతున్న ఒంట్లో నువ్వు ఇంకా వేడిచేసే నాభి వేరు పోశావు. చావక ఏం చేస్తాయి? పోయడం ఆపినప్పుడు చూడు అసలు జబ్బు. అప్పటికి సొంత పొయ్యి ఆరిపోయి ఉంటుంది. కషాయం అప్పుడు.

ఇంకొకటి. నాభి వేరు ఎంతసేపు కాచావు? మిగతావి వేయకముందు అదొక్కటే గంటన్నర ఉడకాలి. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడు. తిమ్మిరెక్కితే ఇంకా విషమే. నువ్వు వేసుకోకుండా ఎలుకకు పోయకు.

ఇక్కడ అందరం కులాసా. బంగాళాదుంపలు తవ్వారు.

తాతయ్య

*

వూహాన్
నవంబరు 18

పూజ్యులైన తాతయ్యకు,

తింటున్నాయి! కొరుక్కుంటున్నాయి! చెవులు ఎర్రగా, ఎండలో పెట్టిన మిరపకాయల్లా! మీరు రాసిన నాలుగు మాటలూ నాలుగు రోజుల్లో ఒకటొకటిగా కనిపించాయి. నేను అరిచిన అరుపుకు ఫాంగ్ పిన్ని చేతిలోని మేత డబ్బా జారవిడిచింది.

ఫాంగ్ పిన్ని అంటే మా జంతువుల గది చూసుకునే ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఎలుకల్ని పిల్లలంటుంది. నిన్న రుచి చూడ్డానికని కాచిన కషాయం పిప్పిని చెత్తబుట్టలో వేయబోతే నా చేయి పట్టుకుంది.

"రోడ్డు మీద పోయకపోతే జబ్బెలా పోతుందే? నలుగురూ తొక్కి మోసుకుపోతేనే కదా!"

"పిన్నీ, ఇది ఎలుకల మందు."

"అయితే? ఎలుకలకు మాత్రం జబ్బు పోవద్దా?"

తీసుకెళ్ళి కాలేజీ గేటు ముందు కుమ్మరించింది. కాపలా ఆయన లేచాడు. "ఏంటమ్మా ఈ చెత్త?" "చెత్త కాదయ్యా, పరిశోధన. తొక్కి పో." ఆయన నిజంగానే తొక్కాడు, తాతయ్యా. రెండు కాళ్ళతోనూ.

ఇప్పుడు బోనులు నాలుగు పెట్టాను, ఒక్కోదాంట్లో పన్నెండు. మొదటి బోను వాటికి ఏమీ ఇవ్వను. మిగతా మూడింటికీ పది రోజులు ఇంజెక్షను. ఆ తర్వాత రెండో బోనుకు ఇంజెక్షను కొంచెం కొంచెంగా తగ్గించి మానేస్తాను, కషాయం లేదు. మూడో బోనుకు ఒక్కసారిగా మానేసి కషాయం పోస్తాను. నాలుగో బోనుకు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కషాయమూ పోస్తాను. చివర బరువు తూచి, బొచ్చు చూసి, నీళ్ళ తొట్టిలో ఈత పరీక్ష పెడతాను. నాలుక మీద వేసుకునే పోస్తాను. నిన్న కాచి వేసుకుంటే నా నాలుక గంటసేపు నాది కాదు.

మరో సంగతి. మాటలు దొరకడం లేదు. ఎలుక మూలకు చేరి కూర్చుంటే "దిగులుగా ఉంది" అని రాశాను. షెన్ మాస్టారు ఎర్ర గీత కొట్టి పక్కన "దిగులు ఎన్ని గ్రాములు?" అని రాశారు. అప్పటి నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకుని మాటలు ఏరుతున్నాను. ముడుచుకోవడం వేరు, ముణగదీసుకోవడం వేరు, ఒదిగిపోవడం వేరు. ఒక్కోటి ఒక్కో ఎలుక. ఇంత ఆనందం ఎప్పుడూ లేదు.

ఇంజెక్షను ఆగాక ఏం వస్తుందో, నేను ఏం చూడాలో దయచేసి వివరంగా రాయండి. మీ మాటలు కొలతకు అందుతున్నాయి, నావి అందడం లేదు.

మీ సూయే

*

షీపాన్
డిసెంబరు 1

సూయేకు,

పెన్సిలుతో రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ చలికి సిరా గడ్డకడుతోంది.

మీ ఫాంగ్ పిన్ని తెలిసిన మనిషి. మా వీధిలో పొద్దున నడిస్తే ఏ ఇంట్లో ఏ జబ్బో పిప్పి చూసి చెబుతాను. వైద్యుడి గుమ్మం ముందు మాత్రం పిప్పి ఎన్నడూ పడకూడదు. పడితే ఆ గోంగ్ వైద్యుడు గొంతుక్కూర్చుని, పుల్లతో కెలికి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరంతా చాటుతాడు. ఒకే వీధిలో ఇద్దరు వైద్యులుంటే అంతే.

నువ్వు అడిగినవి. ఆపిన అయిదారు రోజులకు ఆకలి పోతుంది. అన్నం వాసన తడిసిన అట్టముక్క వాసనలా ఉంటుంది. చలి బయట నుంచి రాదు. కోడి కూయడానికి కొంచెం ముందు మోకాళ్ళ లోపల పుట్టి, వెనక నుంచి నడుముకు ఎక్కుతుంది. దుప్పట్లు దానికి అందవు. పడుకుంటే లేవబుద్ధి కాదు. లేస్తే కళ్ళ ముందు నల్లగా అయిపోతుంది. మూడో మెట్టు దగ్గరే ఇంకా మూడువందల తొమ్మిది ఉన్నాయని గుర్తొస్తుంది. మాట కూడా బరువు.

ఇవి చూసి రాసుకో. ఇంతకంటే రాయలేను, పనుంది.

తాతయ్య

*

వూహాన్
డిసెంబరు 9

తాతయ్యా,

మీ ఉత్తరాన్ని నా మాటల పుస్తకంలో మొత్తం ఎక్కించాను. ఒక్కో మాట పక్కన అది ఏ ఎలుకలో చూశానో రాస్తూ వచ్చాను. ఆకలి పోవడం: మేత తూచాను, సరిపోయింది. లేవకపోవడం: సరిపోయింది. మోకాళ్ళ దగ్గర నా కలం ఆగింది.

ఎలుకలు నాకు మోకాళ్ళ సంగతి చెప్పలేదు. మీకు ఎవరు చెప్పారు?

అన్నం వాసన తడిసిన అట్టముక్కలా ఉంటుందని ఎవరు చెప్పారు? లైబ్రరీలో మూడు రోజులు వెతికాను. ఏ గ్రంథంలోనూ లేదు. మీ రోగుల గురించి రాస్తే మీరు పేరుపెట్టి, నాలుగు తిట్లు తిట్టి మరీ రాస్తారు. ఇందులో పేరే లేదు. మూడువందల పన్నెండు మెట్లున్నది మన ఇంటి వెనక మూలికల కొండకే. మూడో మెట్టు దగ్గర ఆగింది ఎవరు? సిరా గడ్డకట్టే చలి డిసెంబరు మొదట్లో షీపాన్‌లో నేను ఎరగను. మీ అక్షరాలు వాలిపోయి ఉన్నాయి. "ముణగదీసుకోవడం" అన్న మాట ఎలుక కోసం ఏరుకున్నాను, అది మీ చేతిరాతకు సరిపోతుందనుకోలేదు.

మూడో బోనులో ఏడు చచ్చిపోయాయి. ఒక్కసారిగా ఆపినవి. కషాయం తాగుతూనే చచ్చిపోయాయి. కాబట్టి నాకు అబద్ధం చెప్పకండి.

సూయే

*

షీపాన్
డిసెంబరు 16

సూయేకు,

నీకు చదువు ఎక్కువైంది.

మూడేళ్ళ కింద నా ఆయాసం నా మందుకు లొంగలేదు. ఎవరికీ చెప్పకుండా జిల్లా ఆసుపత్రికి వెళ్ళాను. రాన్ అని ఒక డాక్టరమ్మ తెల్ల మాత్రలిచ్చింది. నీ ఇంజెక్షనులో ఉన్న సరుకే. మొదటి వారం ఎద్దులా తిన్నాను, నిద్ర లేదు, మీ నానమ్మ ఫోటోతో కూడా పోట్లాడాను. ఆయాసం పోయింది. సీసాను మందుల బీరువాలో డ్రాగన్ ఎముకల పొడి ఉండే అరలో దాచాను. ఆ అర ఎవరూ తెరవరు. మూడేళ్ళు నా కషాయాన్ని పొగిడిన వాళ్ళందరి ముందూ ఆ మాత్రలు మింగి కూర్చున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజున సీసా తీసి వాగులో పారేశాను. మనవరాలు అక్కడ మన వైద్యాన్ని నిలబెట్టడానికి ఎలుకలతో కుస్తీ పడుతుంటే, నేనిక్కడ దొంగచాటుగా తెల్ల మాత్రలు మింగడమేమిటనిపించింది. నా కషాయం నాకు చాలదా అనుకున్నాను. కాచుకుని తాగుతూనే ఉన్నాను. పిప్పిని పెరట్లో పూడ్చిపెడుతున్నాను. చాలలేదు. ఆ నిజం రాయడానికి ఈ పెన్సిలు సరిపోతుంది.

నేను మూడో బోనులో ఉన్నాను కదూ?

బయల్దేరి రాకు. నువ్వొస్తే నాలుగో బోను ఎవరు చూస్తారు? అది చెడితే మన మాట అబద్ధమని నువ్వే రాయాలి. నాకు అది చావు కంటే పెద్దది.

తాతయ్య

*

తంతి
వూహాన్, డిసెంబరు 21

ఆసుపత్రికి ఈరోజే వెళ్ళండి. మాత్రలు మళ్ళీ వేసుకోండి. కషాయం ఆపకండి. నాలుగో బోను పన్నెండూ బతికాయి. నాలుగో బోనులోకి రండి. సూయే.

*

షీపాన్
జనవరి 14, 1982

సూయేకు,

నీ తంతిని పోస్టాఫీసు వాడు వీధి మొదట్లోంచే చదువుకుంటూ వచ్చాడు. "థాన్ వైద్యుడుగారూ, మిమ్మల్ని బోనులోకి రమ్మంటున్నారు, ఎవరు?" అని గట్టిగా అరిచాడు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది నా మీద కేసు పడిందనుకుంటున్నారు.

ట్రాక్టరు మీద వెళ్ళాను. రాన్ డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి తిట్టిన తిట్లు మీ నానమ్మ కూడా తిట్టలేదు. "ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పారు? బతికి రావడమే గొప్ప, తెలుసా!" "ఎవరూ చెప్పలేదమ్మా." "మరి ఇప్పుడు రమ్మని ఎవరు చెప్పారు?" "ఎలుకలు" అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చేయి వేసి చూసింది. అప్పుడు నీ ఉత్తరాలు చూపించాను. నిలబడి మొదలుపెట్టింది, కూర్చుని చదివింది. ఒక కాగితం తీసి, ఏ వారం ఎంత తగ్గించాలో గళ్ళు గీసి ఇచ్చింది. కషాయం మానొద్దని ఆవిడే అంది. నెలకోసారి వచ్చి కనిపించాలట. వెళ్తాను.

ఇక నీకు కావలసినవి.

పదమూడో ఎలుక నివేదిక. నాలుగో బోను. బరువు నలభై ఏడు కిలోలు, మూలికల బస్తాలు తూచే త్రాసులో కూర్చుని తూచుకున్నాను. మేత: నిన్న పొగ పట్టించిన పంది మాంసం వాసనకు నోరూరింది, అట్టముక్క వాసన లేదు. బొచ్చు: ఉన్నచోట మెరుస్తోంది. మోకాళ్ళు: కోడి నాకంటే ముందు లేచింది. కొరకడం: అవకాశం రాలేదు. ఈత పరీక్షకు ఎలుక ఒప్పుకోలేదు.

పండక్కి రావద్దు. ఎలుకల్ని చూసుకో.

తాతయ్య

తా.క. ఇది సిరా. గమనించావా?

*

వూహాన్
ఏప్రిల్ 20

పదమూడో ఎలుకకు, అంటే నా పూజ్యులైన తాతయ్యకు,

గెలిచాం!

కుదురుగా రాయాలని మూడు కాగితాలు చించేశాను. ఇది నాలుగోది, దీన్ని చించను. ఈత పరీక్ష ముందు. తోకకు చిన్న సీసపు ముక్క కట్టి నీళ్ళ తొట్టిలో వదిలాం. రెండో బోను ఎలుకలు సగటున నాలుగు నిమిషాలకు మునగబోయాయి, తీసేశాం. ఏ జబ్బూ లేని మొదటి బోనువి పన్నెండు నిమిషాలు. నాలుగో బోనువి పదకొండు! అందులో ఒకటి తొట్టి అంచు పట్టుకుని పైకెక్కి షెన్ మాస్టారి చొక్కా చేతిలోకి దూరింది. ఆయన దాన్ని బయటకు లాగి, తోక తుడిచి, "దీనికి దిగులు లేదు. రాసుకో" అన్నారు.

నిన్న నా పని పరీక్షించడానికి వచ్చిన అయిదుగురు పెద్దల ముందు నిలబడ్డాను. చివర కూర్చున్న ముసలాయన, బయటి ఊరి నుంచి వచ్చినాయన, కళ్ళజోడు తీసి అడిగారు. "అమ్మాయీ, అంకెలు బాగున్నాయి. అది చలి జబ్బే అని నీకెలా తెలుసు? చలిగా ఉందని ఎలుక నీతో చెప్పిందా?" గది అంతా నవ్వింది. పక్క బల్ల కుర్రాడు అందరికంటే గట్టిగా.

తాతయ్యా, నేను తడుముకోలేదు. "ఎలుక చెప్పలేదండీ. ఆ జబ్బు పడిన మనిషి చెప్పారు. చలి మోకాళ్ళ లోపల పుడుతుందని, తెల్లవారే ముందు పుడుతుందని రాశారు. ఆ మాటే పట్టుకుని తెల్లవారే ముందు బోనుల దగ్గర నిలబడ్డాను. జబ్బు ఎలుకలు వెనక కాళ్ళు రెండూ పొట్ట కిందికి లాక్కుంటున్నాయి. వెనక పాదాలకు థర్మామీటరు ఆనించాను. ముందు పాదాల కంటే రెండు డిగ్రీలు తక్కువ. కషాయం తాగిన నాలుగో బోనులో ఆ తేడా పోయింది. ఇన్నాళ్ళూ అక్కడ ఆనించి చూడాలని మాకు తోచలేదు" అన్నాను. పట్టిక విప్పి చూపించాను.

ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని పట్టిక మొత్తం చదివారు. "ఆ మనిషి ఎలా ఉన్నారు?" అని అడిగారు.

"నాలుగో బోనులో ఉన్నారండీ. బరువు పెరిగారు" అన్నాను.

అయిదుగురూ సంతకాలు పెట్టారు. గది నాదే, ఇంకో రెండేళ్ళు. సిద్ధాంత గ్రంథం చివర ఒక వాక్యం రాశాను: "ఈ పనిలో పదమూడో ఎలుకకు నేను రుణపడి ఉన్నాను." షెన్ మాస్టారి ఎర్ర పెన్సిలు దాని మీద చాలాసేపు ఆగింది. "ఇది శాస్త్రం కాదు" అన్నారు. కొట్టేయలేదు.

ఫాంగ్ పిన్ని ఆఖరి పిప్పిని గేటు ముందు పోసి, అయిదుగురు పెద్దల్నీ దాని మీదుగానే నడిపించింది. వాళ్ళకు తెలియదు.

మీ సూయే

*

షీపాన్
మే 9

సూయేకు,

కుంచెతో రాస్తున్నాను, చూసుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజున కొండ ఎక్కాను. మూడో మెట్టు దగ్గర ఆగి, దాని మీద ఉమ్మి, ముందుకు సాగాను. నూట యాభై దగ్గర ఒకసారి కూర్చున్నాను. మూడువందల పన్నెండో మెట్టు మీద నిలబడి కిందికి చూస్తే మన ఇంటి పెంకులు కనిపించాయి. మాత్ర ఇప్పుడు రోజుకు సగం ముక్కే. వచ్చే నెలకు పావు అవుతుందని రాన్ డాక్టరమ్మ అంది. ఆయాసం తిరిగి రాలేదు. ఆవిడ దగ్గరికి వచ్చే ఇద్దరు రోగుల్ని కషాయానికని నా దగ్గరికి పంపింది. తగ్గించడానికని నేనొకర్ని ఆవిడ దగ్గరికి పంపాను.

నిన్న పొద్దున కషాయం వడకట్టాక, పిప్పి చిప్పతో పెరటి వైపు నడిచాను. పార గోడకు ఆనించి ఉంది. దాన్ని చూసి ఆగాను. అయిదుగురు పెద్దల ముందు నా మనవరాలు నా మోకాళ్ళ సంగతి చాటితే, నేను నా పిప్పిని ఎవరికి దాస్తున్నాను? వెనక్కి తిరిగి, వీధి తలుపు బార్లా తీసి, నడిరోడ్డు మీద కుమ్మరించాను.

క్షణంలో గోంగ్ వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. పుల్ల తీశాడు.

"నాభి వేరు... దాల్చిన చెక్క... అబ్బో. ఎవరికయ్యా మీ ఇంట్లో ఇంత చలి?"

"నాకే."

పుల్ల ఆగింది. "ఎప్పటి నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. మూడేళ్ళు తెల్ల మాత్రలు మింగాను. ఒక్కసారిగా మానేసి చావబోయాను. ఇప్పుడు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాను. వెళ్ళు, ఊరంతా చెప్పు. నీకు తొందర లేకపోతే నేనే చెప్పుకుంటాను."

వీధిలో వాళ్ళు ఆగారు. పోస్టాఫీసు వాడు సైకిలు దిగాడు. గోంగ్ లేచాడు, చుట్టూ చూశాడు, పిప్పి మీద ఒక కాలు వేసి తొక్కాడు. తర్వాత రెండోది. అప్పుడు మిగతావాళ్ళు కూడా నడిచారు. సైకిలు వాడు రెండు చక్రాలూ దాని మీదుగా తిప్పాడు.

నేను లోపలికి వచ్చేశాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. గోంగే. లోపలికి రాడు, బయటకు పోడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కీళ్ళనొప్పులకు తను అయిదేళ్ళుగా అవే మాత్రలు మింగుతున్నాడట. పోయిన నెల సిగ్గేసి మానేశాడట. తెల్లవారుజామున మోకాళ్ళు...

"లోపల పుడుతుందా?" అన్నాను.

"లోపలే" అన్నాడు. "ఆ గళ్ళ కాగితం ఒకసారి చూపిస్తావా?"

అతన్ని ఈ పొద్దున ట్రాక్టరు ఎక్కించి రాన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చాను. దారి పొడుగునా నా కషాయంలో దాల్చిన చెక్క ఎక్కువైందని వాదిస్తూనే ఉన్నాడు. బతుకుతాడు.

సూయే, పద్నాలుగో ఎలుక దొరికింది. పొగరుబోతు ఎలుక. పుస్తకంలో ఒక కొత్త గీత గీసుకో.

తాతయ్య